ఫైలు తిరగాలా, మనుషులు చేరాలా

ఆఫీసు పని బ్రౌజర్‌లోకి వచ్చి ఇరవై ఏళ్లు నిండాయి. 2005లో అప్‌స్టార్టిల్ అనే చిన్న అమెరికన్ కంపెనీ రైట్‌లీ పేరుతో ఒక కొత్త వీలు తెచ్చింది. కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించుకోనక్కర్లేదు, వెబ్ పేజీలోనే రాసుకుని ఇంకొకరితో కలిసి దిద్దుకోవచ్చు. 2006 మార్చిలో గూగుల్ ఆ కంపెనీని కొనేసింది. ఇవాళ్టి గూగుల్ డాక్స్‌కు మొదలు అదే. అదే 2005లో చెన్నై ఇంజినీర్లతో నడిచే అడ్వెంట్‌నెట్ సంస్థ జోహో రైటర్‌ను విడుదల చేసింది. 2009లో ఆ సంస్థే తన పేరు జోహోగా మార్చుకుంది. మైక్రోసాఫ్ట్ 2011లో ఆఫీస్ 365తో దిగింది. 2020 లాక్‌డౌన్‌లో ఈ సరంజామా అంతా ఒక్కసారిగా బడిపంతులు దాకా, పంచాయతీ కార్యదర్శి దాకా వచ్చేసింది.

ఈ ఇరవై ఏళ్లను కలిపి చూస్తే నాకు తేటగా కనిపించేది ఒకటి. పదిమంది ఒకే కాగితం మీద ఒకేసారి ఎలా రాయాలన్న చిక్కు ఎప్పుడో తీరిపోయింది. ఆ కాగితం ఎవరి పేరు మీద ఉండాలి, ఎవరి కంట పడాలి, అందులో తప్పు దొర్లితే ఎవరు జవాబు చెప్పాలి అన్న చిక్కు మాత్రం అలాగే ఉంది. మొదటిది ఇంజినీర్ల పని, వాళ్లు చేశారు. రెండోది ఆఫీసుల పని. మన దగ్గర చాలా ఆఫీసులు దాని జోలికే పోలేదు.

ముందు తీరిన చిక్కు సంగతి. కలిసి రాసుకోవడమనే ఊహ రైట్‌లీది కాదు. 1968 డిసెంబర్ 9న శాన్ ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ గంటన్నర పాటు ఒక ప్రదర్శన ఇచ్చాడు. మౌస్‌ను లోకం మొదటిసారి చూసిన సభగా అది గుర్తుండిపోయింది. నాకు అంతకన్నా పెద్దదిగా తోచేది వేరే ఉంది. సుమారు 50 కిలోమీటర్ల అవతల మెన్లో పార్క్‌లో కూర్చున్న సహచరుడు బిల్ ప్యాక్స్‌టన్, ఎంగెల్‌బార్ట్ తెర మీదున్న పాఠాన్నే తన తెర మీద చూస్తూ, మాట్లాడుతూ, అందులో చెయ్యి పెట్టగలిగాడు. అతని ముఖం కూడా తెర మీద కనిపించింది. మనం 2020లో నేర్చుకున్నదంతా అక్కడ ఉంది. మధ్యలో వచ్చిన పర్సనల్ కంప్యూటర్ల కాలం ఎవరి యంత్రం వారికి, ఎవరి ఫైలు వారికి ఇచ్చింది. పంచుకోవాలంటే ఫ్లాపీ, తర్వాత మెయిలుకు జోడించిన కాపీ, ఇప్పుడు వాట్సాప్ ఫార్వర్డ్. ఒకే జీతాల పట్టిక ఐదుగురి ఫోన్లలో ఐదు రకాలుగా ఉండే దుస్థితి ఆ అలవాటు నుంచి వచ్చిందే.

కలిసి రాయడంలో యంత్రానికి ఎదురయ్యే ఇబ్బంది ఏమిటో ఒక వాక్యంతో చూడవచ్చు. నోటీసులో "సమావేశం సోమవారం 10 గంటలకు" అని ఉందనుకోండి. నేను ముందు "మండల" అని చేరుస్తున్న క్షణంలోనే మీరు వెనక 10ని 11 చేశారు. మీ మార్పు యంత్రానికి "ఫలానా స్థానంలో ఉన్న అంకెను మార్చు" అన్న ఆదేశంగా వెళ్తుంది. నా మాట చేరడంతో ఈలోగా స్థానాలన్నీ పక్కకు జరిగిపోయాయి. మీ ఆదేశాన్ని ఉన్నదున్నట్టు అమలు చేస్తే మధ్యలో ఇంకేదో అక్షరం పాడవుతుంది. కాబట్టి వచ్చిన ప్రతి ఆదేశాన్నీ, దానికంటే ముందు చేరిన మార్పులను బట్టి సవరించి, ఆ తర్వాతే అమలు చేయాలి. 1989లో ఎల్లిస్, గిబ్స్ అనే పరిశోధకులు ఈ దారి చూపించారు. దీన్ని ఆపరేషనల్ ట్రాన్స్‌ఫర్మేషన్ అంటారు. 2011లో మార్క్ షాపిరో బృందం సీఆర్‌డీటీ పేరుతో ఇంకో పద్ధతికి రూపం ఇచ్చింది. అందులో మధ్యవర్తి సర్వర్ తీర్పు అవసరం లేదు. నెట్ లేనప్పుడు ఎవరికి వారు చేసుకున్న మార్పులు తర్వాత కలిసినా అందరి దగ్గరా ఒకే ఫలితం తేలుతుంది. సిగ్నల్ వచ్చిపోయే ఏజెన్సీ గ్రామాలను తలుచుకుంటే నాకు ఈ రెండో పద్ధతి మీదే ఆశ ఎక్కువ.

2009లో గూగుల్ వేవ్ పేరుతో మెయిలు, చాట్, పత్రం అన్నీ ఒకేచోట కలిపేసే ప్రయత్నం జరిగింది. మరుసటి ఏడాదే దాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించారు. చేతికి అలవాటైన కాగితం రూపం అందులో లేదు. 2010లోనే వచ్చిన గూగుల్ డాక్స్ కొత్త ఎడిటర్‌లో ఆ రూపం ఉంది, అవతలివాళ్లు కొడుతున్న అక్షరాలు ఒక్కొక్కటిగా పడుతూ కనిపించే సదుపాయమూ ఉంది. అది నిలబడింది.

ఇక తీరని చిక్కు దగ్గరికి వస్తే, రెండు తత్వాలు ఎదురెదురుగా నిలబడతాయి. సర్కారీ ఫైలు తిరుగుతుంది. ఎడమ వైపు నోట్‌ఫైలు, కుడి వైపు ఉత్తరప్రత్యుత్తరాలు. సెక్షన్‌లో మొదలైన నోటు ఒక్కో బల్ల మీద ఒక్కో సంతకం చేర్చుకుంటూ పైకి పోతుంది, మళ్లీ కిందికి దిగుతుంది. కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ తయారుచేసిన ఈ-ఆఫీస్ సరిగ్గా ఈ నడకనే తెర మీదకు తెచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అది వాడుకలో ఉంది. అందులో చిత్తు నోటు పసుపు రంగులో, పక్కా నోటు ఆకుపచ్చ రంగులో ఉంటాయి. పంపించేసిన ఆకుపచ్చ నోటును రాసినవాడు కూడా దిద్దలేడు. గూగుల్‌లోనూ మైక్రోసాఫ్ట్‌లోనూ జోహోలోనూ పద్ధతి వేరు. ఫైలు ఉన్నచోటే ఉంటుంది, మనుషులే దాని దగ్గరికి చేరతారు.

మొదటిది పాతకాలపు తంతు అని తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. భూమి మ్యుటేషన్, పింఛను మంజూరు, ఉద్యోగి మీద క్రమశిక్షణ చర్య, ఇలాంటి వాటిలో ఎవరి మాట ఎవరిదో విడివిడిగా తెలియాలి. పదిమంది కలిసి దిద్ది నున్నగా చేసిన వాక్యం కింద బాధ్యత ఎవరిది? ఫైలులో అభ్యంతరం కూడా రికార్డే. "నిబంధనలు ఒప్పుకోవు" అని కింది ఉద్యోగి రాసిన ఒక్క ముక్క, పదేళ్ల తర్వాత విచారణ వచ్చినప్పుడు ఆయన ఉద్యోగాన్ని కాపాడుతుంది. అదే డాక్స్‌లో అయితే పైఅధికారి ఆ ముక్కను చెరిపేసి ముందుకు పోవచ్చు. మార్పుల చరిత్రలో దాని జాడ ఉంటుంది నిజమే, వెతికేవాడు ఉంటేనే. తుపాను నాడు సంగతి మాత్రం వేరు. పునరావాస కేంద్రాలు ఎన్ని, ఏ కేంద్రంలో ఎంతమంది, పాలప్యాకెట్లు ఎక్కడికి చేరాయి, ఎక్కడికి చేరలేదు అన్న పట్టికను బల్ల నుంచి బల్లకు తిప్పితే అది చేరేసరికి నీళ్లు తీసిపోతాయి. అక్కడ పట్టిక ఒక్కచోటే ఉండాలి, అందరూ దాని దగ్గరికి రావాలి. ఏ పనికి ఏ తత్వం అన్నది ముందే తేల్చుకోవాలి. మన దగ్గర ఆ తేల్చుకోవడం జరగడం లేదు, చేతికి ఏది తొందరగా అందితే అది వాడేస్తున్నాం.

దీని ఫలితం చూడాలంటే ఒక మండల విద్యాశాఖ షీటు చాలు. "సాయంత్రం నాలుగులోపు షీటు నింపండి, జిల్లా నుంచి అర్జెంటు" అని సీఆర్పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) వాట్సాప్ గ్రూపులో లింకు పెడతారు. మండలంలోని బడులన్నీ అందులో ఒక్కో వరుస. బడి పేరు, యూడైస్ (బడి గుర్తింపు) కోడు, హెచ్‌ఎం ఫోను, ఆడపిల్లలు, మగపిల్లలు, ఏకరూప దుస్తులు అందినవి, అందాల్సినవి. హెచ్‌ఎం తరగతిలో ఉండి ఫోనులో తెరుస్తారు. అర చెయ్యంత తెరలో బడి పేరున్న కాలమ్ ఎడమకు జరిగిపోయి, అంకెలు మాత్రమే కనిపిస్తాయి. తన వరుస అనుకుని పక్క బడి వరుసలో కొట్టేస్తారు. ఇంకొకరు తమ బడిని వెతుక్కోవడానికి ఫిల్టర్ పెడతారు. అది అందరికీ వర్తించి, మిగతావాళ్లకు తమ బడి మాయమైపోయినట్టు కనిపిస్తుంది. వాళ్లు కంగారుపడి కింద కొత్త వరుస చేరుస్తారు. మరొకరు పేర్ల కాలమ్ ఒక్కదాన్నే ఎంచుకుని అకారాది క్రమంలో పెడతారు. పేర్లు కదులుతాయి, అంకెలు కదలవు. నాలుగు గంటలకు షీటు నిండి ఉంటుంది, అందులో నిజం ఉండదు. మర్నాడు "నిన్న పంపినవి మళ్లీ నింపండి" అని ఇంకో లింకు వస్తుంది.

ఇందులో ఉపాధ్యాయుల తప్పు ఏమీ లేదు. ఆ షీటు తయారుచేసినవాళ్లకు ఎవరూ నాలుగు విషయాలు చెప్పలేదు, అంతే. మొదటి కాలమ్‌ను ఫ్రీజ్ చేస్తే అది కదలకుండా నిలుస్తుంది. బడి పేర్లు, కోడ్లు ఉన్న గడులను ప్రొటెక్ట్ చేస్తే ఎవరూ కదిలించలేరు. ఫిల్టర్ వ్యూ వాడితే ఎవరి వెతుకులాట వారికే పరిమితమవుతుంది. వెర్షన్ హిస్టరీ తెరిస్తే ఏ మార్పు ఎప్పుడు జరిగిందో కనబడుతుంది, పాత రూపానికి వెనక్కి వెళ్లవచ్చు. అయితే లాగిన్ లేకుండా లింకు ఉన్న ఎవరైనా దిద్దేలా వదిలేస్తే, ఆ చరిత్రలో పేర్ల బదులు అనామకులే మిగులుతారు. వీటన్నిటికన్నా ముందు మాట ఒకటుంది. నలభై బడుల నుంచి ఒకే రకం సమాధానం కావాలంటే షీటు పంపకూడదు, ఫారం పంపాలి. ఫారంలో ఎవరి జవాబు వారి వరుసలోకి దానంతటదే చేరుతుంది, పక్కవాడి అంకె మీద చెయ్యి పడదు. షీటు అన్నది ఒకరి పని ఇంకొకరు చూసి దిద్దుకోవాల్సిన చోట వాడేది. ఇది సాంకేతిక జ్ఞానం కూడా కాదు, పని తీరు గురించిన ఇంగితం.

అంకెల సంగతి ఇంకొంచెం లోతుగా చూడాలి, డబ్బు తేడా వచ్చేది అక్కడే. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా 15 అంకెల వరకే నమ్మకంగా ఉంచుకుంటుంది. 16 అంకెల బ్యాంకు ఖాతా నంబరును మామూలు సంఖ్యగా కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది. 12 అంకెల ఆధార్‌ను కొడితే మధ్యలో ఒక ఇంగ్లీషు అక్షరంతో కుదించిన రూపంలో కనిపిస్తుంది. ఆ కుదింపుతోనే సీఎస్‌వీగా భద్రపరిస్తే అసలు నంబరు పోయినట్టే. సున్నాతో మొదలయ్యే నంబర్లయితే ఆ సున్నా రాలిపోతుంది. ముందుగా ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చి పెట్టుకుంటే ఏ గొడవా ఉండదు. ఇలాంటి చిన్న లోపం ఎంత దూరం పోతుందో బ్రిటన్ 2020లో చూసింది. అక్కడి ఆరోగ్య సంస్థ పరీక్షల ఫలితాలను పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి ఎక్కించేది. ఆ ఫార్మాట్‌లో 65,536 వరుసలకు మించి పట్టవు. మించినవి చడీచప్పుడు లేకుండా జారిపోయాయి. 15,841 కోవిడ్ కేసులు సకాలంలో లెక్కకు రాలేదు, వాళ్లను కలిసినవాళ్లకు హెచ్చరికలు ఆలస్యంగా వెళ్లాయి.

అదే షీటు మంచి చేతుల్లో పడితే ఏం చేయగలదో కూడా మన దేశమే చూపించింది. 2020 మార్చిలో కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు కోవిడ్19ఇండియా అనే వేదికను మొదలుపెట్టారు. రాష్ట్రాల బులెటిన్లు, అధికారుల ప్రకటనలు చూసి, ఒకరు చేర్చింది ఇంకొకరు సరిచూసి, గూగుల్ షీట్లలో నమోదు చేసి జనం ముందు పెట్టేవారు. పత్రికలు, పరిశోధకులు ఆ లెక్కల మీదే ఆధారపడ్డారు. 2021 అక్టోబర్ 31న తమంతట తాము ఆపేశారు. రెండో వేవ్‌లో ఆక్సిజన్, పడకల జాబితాలు షీట్ల రూపంలో వందలుగా చేతులు మారాయి. వాటిలో పనికొచ్చినవి, చివర్లో "ఎవరు ఫోను చేసి కనుక్కున్నారు, ఎన్ని గంటలకు" అన్న రెండు కాలమ్‌లు ఉన్నవి. ఆ రెండూ లేని జాబితా పట్టుకుని ఫోన్లు చేసినవాళ్లు విలువైన గంటలు పోగొట్టుకున్నారు. సాధనం ఒక్కటే. వెనక కాపలా ఉందా లేదా అన్నదే తేడా.

కాపలా లేకపోవడంలో అన్నిటికన్నా భయపెట్టేది గోప్యత. ఒక సభ నిర్వాహకులు ప్రయాణ ఖర్చుల కోసం వివరాలు నింపమని నాకు షీటు పంపారు. తెరిస్తే వక్తలందరి ఫోను నంబర్లు, పాన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు వరసగా కనిపించాయి. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. "లింకు ఉన్న ఎవరైనా" అన్న ఎంపిక సులువుగా ఉంది, నొక్కేశారు. ఆ లింకు ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకు ఎన్నిసార్లు పోయిందో ఎవరికీ తెలియదు. బడుల షీట్లలో పిల్లల పేర్లు, పుట్టినతేదీలు, ఆధార్ నంబర్లు, కులం కాలమ్‌లు ఇలాగే బాహాటంగా తిరుగుతున్నాయి. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి వివరాలకు, కొన్ని మినహాయింపులతో, తల్లిదండ్రుల అనుమతి ఉండాలంది. రక్షణలో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా పెట్టింది. దాని నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి, అమలు దశలవారీగా. చట్టం ఢిల్లీలో ఉంది. వాట్సాప్‌లో తిరిగే లింకు దాకా అది ఇంకా రాలేదు.

చాట్, వీడియో మీటింగుల గురించి ఇప్పటికే ఎంతో రాశారు కాబట్టి నేను క్లుప్తంగా ముగిస్తాను. 2019 డిసెంబర్‌లో రోజుకు కోటి మంది హాజరయ్యే జూమ్ మీటింగులకు 2020 ఏప్రిల్ నాటికి 30 కోట్ల హాజరు నమోదైంది. ఆ నెలలోనే మైక్రోసాఫ్ట్ అధిపతి, హైదరాబాద్ బిడ్డ సత్య నాదెళ్ల, రెండేళ్లలో రావాల్సిన మార్పు రెండు నెలల్లో వచ్చిందన్నారు. తర్వాత వచ్చిన పరిశోధనలు ఆ ఉత్సాహాన్ని కొంత తూకం వేశాయి. మైక్రోసాఫ్ట్‌కు చెందిన 61,182 మంది అమెరికా ఉద్యోగుల మీద చేసి 2021లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అందరూ ఇళ్ల నుంచి పనిచేయడం మొదలయ్యాక ఎవరి జట్టు వారికే పరిమితమైంది, జట్ల మధ్య రాకపోకలు తగ్గాయి. 2023లో అదే సంస్థ వెల్లడించిన లెక్కలో ఉద్యోగుల సమయంలో 57 శాతం మీటింగులు, మెయిళ్లు, చాట్‌లకే పోతోంది, అసలు పని చేసుకోవడానికి మిగిలేది 43 శాతం. అంతమాత్రాన ఇంటి నుంచి పని చెడ్డదని తేల్చేయడానికి వీల్లేదు. చైనాలోని ట్రిప్‌డాట్‌కామ్‌లో 1,612 మంది మీద జరిపిన ప్రయోగంలో, వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసినవాళ్ల పనితీరు తగ్గలేదు, రాజీనామాలు మూడో వంతు తగ్గాయి. ఆ ఫలితాలు 2024లో వెలువడ్డాయి.

హైదరాబాద్‌లో ఈ లెక్కకు ఇంకో పొర ఉంది. వేసవిలో కాలిఫోర్నియాలో పొద్దున ఎనిమిదిన్నర అంటే ఇక్కడ రాత్రి తొమ్మిది. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఉన్న ఇంజినీరు పగలంతా తన పని చేసి, పిల్లలు పడుకునే వేళకు కాల్ ఎక్కుతుంది. కలిసి పనిచేయడమంటే ఒకే సమయానికి కూర్చోవడమే అనుకునే కంపెనీల్లో ఆ భారమంతా ఇటువైపే పడుతోంది. ఇలాంటి జట్లకు వీడియో కన్నా పత్రం మేలు. కాలిఫోర్నియా మనిషి సాయంత్రం నిర్ణయాన్ని, దాని కారణాలను పత్రంలో రాసి పెడితే, హైదరాబాద్ మనిషి పొద్దున చదివి పక్కన తన ప్రశ్న రాస్తుంది. ఒక రోజు ఆలస్యమైనా రాత్రి భోజనం మిగులుతుంది. కామెంటు రాసి, పేరు పెట్టి, సమాధానం వచ్చాక రిజాల్వ్ నొక్కే ఆ చిన్న పెట్టె మొత్తం ఈ సరంజామాలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. అది వాదన జరిగిన చోటనే వాదనను నిలిపి ఉంచుతుంది. వాట్సాప్ గ్రూపులో తీసుకున్న నిర్ణయం పండుగ శుభాకాంక్షల కింద కొట్టుకుపోతుంది.

ఇక తెలుగు. ఈ సాధనాలన్నీ యూనికోడ్ మీద నడుస్తాయి. తెలుగుకి 1991 నుంచీ అందులో చోటుంది. స్త్రీ అన్నది మన కంటికి ఒక్క అక్షరమే అయినా యంత్రానికి ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే గుడిదీర్ఘం మాత్రమే పోయి స్త్ర మిగలడం అందుకే. ఇవన్నీ ఇప్పుడు సాఫీగానే నడుస్తున్నాయి. అసలు అడ్డు మన ప్రచురణ రంగంలో ఉంది. దశాబ్దాలుగా మన డీటీపీ అంతా అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో సాగింది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001 నాటిది. అను అక్షరాలు తెర మీద తెలుగుగా కనిపిస్తాయి గానీ లోపల ఉన్నవి తెలుగు కోడ్లు కావు. ఆ పాఠాన్ని తెచ్చి డాక్స్‌లో పెడితే గజిబిజి గుర్తులు వస్తాయి. ఇవాళ్టికీ ఎన్నో చోట్ల జరిగేది ఇది. రచయిత్రి యూనికోడ్‌లో రాసి పంపుతుంది. ఆపరేటర్ దాన్ని అనులోకి మారుస్తాడు, ఆ మార్పిడిలో కొన్ని వత్తులు, సున్నాలు ఊడతాయి. ప్రూఫు పీడీఎఫ్‌గా వస్తుంది. రచయిత్రి ప్రింటు తీసి ఎర్ర సిరాతో దిద్ది ఫొటోలు వాట్సాప్ చేస్తుంది. ఆపరేటర్ వాటిని చూసి మళ్లీ అనులో కొడతాడు, కొన్ని కొత్త తప్పులు చేరతాయి. చివరికి సరైన పాఠం ఆ పేజ్‌మేకర్ ఫైలులో తప్ప ఇంకెక్కడా ఉండదు. ఐదేళ్లకు ఈ-పుస్తకం వేద్దామంటే ఆ ఫైలు తెరిచే కంప్యూటర్ ఉండదు.

రచయిత్రి, సంపాదకుడు, ప్రూఫ్‌రీడర్ ముగ్గురూ ఒకే యూనికోడ్ పత్రంలో సజెషన్ మోడ్ పెట్టుకుని దిద్దుకుంటే ఈ బాధలో చాలా భాగం ఉండదు. ఏ కామా ఎవరు మార్చారో కనిపిస్తుంది, రచయిత్రి ఒప్పుకుంటేనే మార్పు నిలుస్తుంది. 2012లో వచ్చిన ఇన్‌డిజైన్ సీఎస్6 నుంచి తెలుగు యూనికోడ్ పేజీలు కట్టడం సాధ్యమే. సిలికానాంధ్ర పూనుకోవడంతో వచ్చిన రామభద్ర, మండలి, సూరన్న, ఎన్టీఆర్ వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. అందంగా లేవన్న సాకు ఇక చెల్లదు. తక్కువైనది అక్షరదోషాల తనిఖీ. తెలుగులో సంధులతో, ప్రత్యయాలతో ఒక్క మాటే వాక్యమంత పొడుగు సాగుతుంది. "చెప్పలేకపోయాడనుకుంటున్నారు" అన్నది నిఘంటువులో దొరకదు కాబట్టి తప్పని గీత పడే ప్రమాదం ఉంది. అలాంటి గీతలు పదిసార్లు పడితే మనిషి తనిఖీనే ఆపేస్తాడు. నిజమైన తప్పులూ అప్పుడు దాటిపోతాయి.

తెలుగులో ఆన్‌లైన్ సహకారానికి ఉత్తమ నమూనా ఏ కంపెనీ ఆఫీసులోనూ లేదు, తెలుగు వికీపీడియాలో ఉంది. 2003 డిసెంబర్‌లో మొదలై ఇప్పటికి లక్ష వ్యాసాలు దాటింది. రాసేవాళ్లలో ఎక్కువమంది ఒకరి ముఖం ఒకరు చూసినవాళ్లు కారు. అక్కడ ప్రతి పేజీకీ చరిత్ర ఉంటుంది, పక్కనే చర్చ పేజీ ఉంటుంది, అందరికీ సంబంధించిన మాట రచ్చబండలో జరుగుతుంది. ఎవరు ఏది మార్చవచ్చు, గొడవ వస్తే ఎవరు తేలుస్తారు, నిర్వాహకుడి అధికారం ఎంతవరకు అన్నవి రాసిపెట్టి ఉంటాయి. ఒక మాట తీసేసినవాడు ఎందుకు తీశాడో చెప్పాలి. ఖర్చు లేకుండా నడిచే ఆ పద్ధతిని లక్షలు పోసి లైసెన్సులు కొన్న ఆఫీసులు ఎందుకు నేర్చుకోవో నాకు అర్థం కాదు.

పత్రాలన్నీ పరాయి సర్వర్లో ఉంటే ఒక రోజు తలుపు మూసేస్తే ఏమిటన్న భయం ఊహ కాదు. 2025 జూలైలో యూరోపియన్ యూనియన్ తన ఆంక్షల జాబితాలో నయారా ఎనర్జీని చేర్చింది. గుజరాత్‌లోని వాడినార్‌లో పెద్ద రిఫైనరీ నడిపే కంపెనీ అది, రష్యా సంస్థ రోస్‌నెఫ్ట్‌కు అందులో వాటా ఉంది. వెంటనే నయారా ఉద్యోగుల మైక్రోసాఫ్ట్ మెయిళ్లు, టీమ్స్ ఆగిపోయాయి. డబ్బు కట్టిన ఖాతాలు, మన గడ్డ మీది కంపెనీ, భారత చట్టం ప్రకారం ఏ నేరమూ లేదు. నయారా ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కింది, కొద్దిరోజుల్లో సేవలు తిరిగొచ్చాయి. ఆ తర్వాత స్వదేశీ మాట ఊపందుకుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సుమారు 12 లక్షల మెయిల్ ఖాతాలు జోహో వేదిక మీదకు చేరాయి, చిరునామాలు మాత్రం పాతవే ఉంచారు. కేంద్ర విద్యాశాఖ తన అధికారులను జోహో ఆఫీస్ వాడమంది. జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం ఇంకో బాట పట్టింది. 2024లో సుమారు 30,000 కంప్యూటర్లను లిబ్రే ఆఫీస్‌కు మారుస్తామని ప్రకటించింది. అది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాని సాఫ్ట్‌వేరు. సొంత సర్వర్ మీద నెక్స్ట్‌క్లౌడ్, కొలబొరా, ఓన్లీఆఫీస్ లాంటివి పెట్టుకుంటే కలిసి రాసే సదుపాయమూ దక్కుతుంది. దాన్ని నడపగల మనుషులను పెట్టుకోవాలి, అది చిన్న ఖర్చు కాదు.

జోహో మీద నాకు గౌరవం ఉంది. తెన్‌కాశి లాంటి చిన్న పట్టణంలో ఆఫీసు పెట్టి ప్రపంచానికి సాఫ్ట్‌వేరు అమ్మడం చిన్న విషయం కాదు. అయినా ఒక ప్రైవేటు కంపెనీ నుంచి ఇంకో ప్రైవేటు కంపెనీకి మారడంతోనే స్వతంత్రం వచ్చేసిందనుకోవడం పొరపాటు. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: రేపు వద్దనుకుంటే పత్రాలను, వాటి చరిత్రతో సహా, అందరూ తెరవగల ఫార్మాట్‌లో తీసుకుని బయటికి రాగలమా? ఒప్పందంలో ఆ మాట ఉండాలి, ఏడాదికోసారి నిజంగా తీసి చూడాలి.

మండలంలో ప్రశ్న ఇంకా చిన్నది, ఇంకా అత్యవసరమైనది. అక్కడి షీట్లు ఏ ప్రభుత్వ ఖాతాలోనూ లేవు. సీఆర్పీ సొంత జీమెయిల్‌లో ఉన్నాయి, డేటా ఎంట్రీ ఆపరేటర్ సొంత జీమెయిల్‌లో ఉన్నాయి. ఖాతాలోని 15 జీబీ చోటు నిండితే కొత్త జవాబులు పడవు. ఫోను మారి పాస్‌వర్డ్ పోతే తలుపు మూసుకున్నట్టే. రెండేళ్లు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత ఖాతాను, అందులోని ఫైళ్లతో సహా, తొలగించే విధానాన్ని గూగుల్ 2023లో తెచ్చింది. ఒప్పంద ఉద్యోగి మానేసి వెళ్లిపోతే మూడేళ్ల నమోదు లెక్కలు ఆయనతో పోతాయి. పిల్లల వివరాలు మాత్రం ఆయన ఖాతాలో, ఇక ఎవరి అజమాయిషీ లేకుండా, ఉండిపోతాయి. ఆఫీసులో బదిలీ అయినప్పుడు చార్జి అప్పగించే పద్ధతి బ్రిటిష్ కాలం నుంచీ ఉంది. బీరువా తాళాలు, స్టాకు రిజిస్టరు, క్యాష్ బుక్కు, విరిగిన కుర్చీలతో సహా రాసి ఇద్దరూ సంతకం పెడతారు. షీట్లు, ఫారాలు ఆ జాబితాలో ఉండవు. ఒక్కోదానికి ఒక్కో వరుస చేర్చాలి: పేరు, ఏ ఆఫీసు ఖాతాలో ఉంది, ఎవరెవరు దిద్దగలరు, ఎవరెవరు చూడగలరు, ఏ తేదీన చెరిపేయాలి. వచ్చే బదిలీల సీజన్ నుంచి రెండు రాష్ట్రాల విద్యాశాఖలు ఒక్క ఉత్తర్వుతో దీన్ని మొదలుపెట్టవచ్చు.